వాన వెలిశాక సంఘం పని

చిరంజీవి బాబుకి,

మీ చర్చి యువజన సంఘం బాధ్యత నీకు అప్పగించారని తెలిసి ఇంట్లో అందరికీ సంతోషమైంది. తుపాను వస్తే పాతబట్టలు పోగుచేసి లారీలో పంపాలని మీవాళ్ల ఆలోచనట. దాని గురించే ఈ ఉత్తరం.

2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తమిళనాడు తీరానికి దేశమంతటి నుంచీ బట్టలు వచ్చిపడ్డాయి. వాటిలో చాలావాటిని ఎవరూ ముట్టలేదు. రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉంటే గూంజ్ అనే స్వచ్ఛంద సంస్థ ఏరి, పనికొచ్చేలా మార్చాల్సి వచ్చింది. పంపినవాళ్ల ప్రేమ నిజమే. కానీ ఏం కావాలని ముందుగా అడిగినవాళ్లు తక్కువ.

2018 ఆగస్టులో కేరళ మునిగినప్పుడు తీరప్రాంత మత్స్యకారులు తమ పడవలను లారీలకెక్కించి, ముంపులో ఉన్న ఊళ్లకు తీసుకెళ్లారు. వాళ్లలో చర్చి పిలుపు అందుకుని కదిలినవాళ్లు ఎంతోమంది. తమకు బాగా చేతనైన పనినే వాళ్లు సాయంగా పట్టుకెళ్లారు. మీ సంఘంలోనూ తాపీమేస్త్రులు, కరెంటు పనివాళ్లు, నర్సులు, దరఖాస్తు రాసిపెట్టగల టీచర్లు ఉన్నారు కదా!

అంతకంటే విలువైనది ఇంకొకటి ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగితే ఆహారపు పొట్లాలను డ్రోన్లతో కూడా అందించారు. అయినా ఏ సందులో ఏ ముసలామె మంచం దిగలేదో, ఎవరికి రోజూ ఇన్సులిన్ కావాలో డ్రోనుకు తెలియదు. అది సంఘానికి తెలుసు. ఆదివారం ఒక మనిషి కనబడకపోతే సోమవారం వాళ్లింటికి వెళ్లేది సంఘమే. ఈ ఎరుక సంఘం గోడ దాటి పక్క వీధి గుడిదాకా, మసీదుదాకా వెళ్లాలి. వరద తీశాక సింగ్‌నగర్ ఇళ్లలో బురద కడగడానికి ఫైరింజన్లు పెట్టారు. మోకాలి లోతు బురద ఎత్తిపోయడానికి వచ్చే పదిమంది కుర్రాళ్లకు సాటి ఏ కానుకా లేదు.

పొట్లంలో కరపత్రం పెట్టవద్దు. విపత్తు సాయాన్ని మతానికి ముడిపెట్టకూడదని 1994 నాటి అంతర్జాతీయ నియమావళి చెబుతుంది. దాన్ని ముందుకు తెచ్చిన సంస్థల్లో క్యాథలిక్ సేవాసంస్థ కారితాస్, ప్రపంచ చర్చిల మండలి కూడా ఉన్నాయి. ఆకలితో చెయ్యి చాచిన మనిషి ముందు ప్రార్థనను షరతుగా పెట్టడం ఆ ప్రార్థనకే అవమానం.

ఇక ఓపిక సంగతి. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత చర్చిల ఉమ్మడి సేవాసంస్థ కాసా కోస్తాలో తుపాను షెల్టర్లు కట్టించింది. అమెరికాలో 1950లో మొదలైన మెన్నోనైట్ విపత్తు సేవాసంస్థ స్వచ్ఛంద సేవకులు, కెమెరాలు వెళ్లిపోయాక కూడా నిలిచి ఇళ్లు కడుతూ ఉంటారు. కాబట్టి కానుకల్లో కొంత, తుపాను వెళ్లాక వచ్చే ఆరో నెలకని దాచండి. అప్పుల వాళ్లు గుమ్మంలో నిలబడేది అప్పుడే.

ఈ ఆదివారం ఆరాధనయ్యాక పాస్టరుగారితో, స్త్రీల సమాజం పెద్దలతో కూర్చో. అక్టోబరు రాకముందే వీధివారీగా ఒంటరివాళ్ల, మంచాన పడ్డవాళ్ల జాబితా రాయించు. సచివాలయం వాళ్ల ఫోన్ నంబర్లు మందిరం గోడమీద రాయించు. మందిరం తాళంచెవి ఇంకొకటి చేయించి పక్కింటివాళ్ల దగ్గర ఉంచు. పాస్టరుగారు ఊళ్లో లేని రాత్రి గాలివాన రావచ్చు.

ఇట్లు,
మీ పెదనాన్న