ఆటిజానికి రక్తపరీక్ష ఉందా?



షుగర్ ఉందో లేదో రక్తపరీక్షతో తెలిసిపోతుంది. థైరాయిడ్ కూడా అంతే. మరి ఆటిజానికి కూడా అలాంటి టెస్ట్ ఉందా అని పేరెంట్స్ మీటింగుల్లో కొందరు అడుగుతుంటారు. సూటిగా చెప్పాలంటే, ఈ రోజుకి రక్తపరీక్షతో గానీ, స్కానింగ్‌తో గానీ ఆటిజాన్ని నిర్ధారించలేరు. నిపుణులు పిల్లల ఎదుగుదలను, ప్రవర్తనను గమనించి, మీతో వివరంగా మాట్లాడి నిర్ధారిస్తారు. పరిశోధనలు మాత్రం గట్టిగానే సాగుతున్నాయి. అవి ఎంతవరకు వచ్చాయో, ఈలోపు మనం ఏం చేయాలో ఈ నెల తెలుసుకుందాం.

బయోమార్కర్ అంటే ఏమిటి?

శరీరంలో కొలవడానికి వీలైన గుర్తును బయోమార్కర్ అంటారు. షుగర్‌కి రక్తంలోని గ్లూకోజ్ అలాంటి గుర్తు. ఆటిజంలో ఇది అంత తేలిక కాదు. దానితో సంబంధమున్న జన్యువులే వందకు పైగా ఉన్నాయి. ఆటిజం ఉన్న ఇద్దరు పిల్లలు ఒకేలా ఉండరు కూడా. అందుకే అందరికీ సరిపోయే ఒకే గుర్తు ఇంతవరకు దొరకలేదు.

పరిశోధకులు ఎక్కడ వెతుకుతున్నారు?

కంటిచూపు: అమెరికాలో వారెన్ జోన్స్, ఆమి క్లిన్ అనే శాస్త్రవేత్తలు పసిపిల్లల చూపు ఎటు వెళ్తుందో నెలనెలా కొలిచారు. తర్వాత ఆటిజం నిర్ధారణ అయిన పిల్లల్లో, ఎదుటివారి కళ్లలోకి చూడడం 2 నుంచి 6 నెలల వయసు మధ్య తగ్గుతూ వచ్చింది. ఈ ఫలితాలు 2013లో ‘నేచర్’ పత్రికలో వచ్చాయి.

మెదడు ఎదుగుదల: 2017లో వచ్చిన మరో పరిశోధనలో 6, 12 నెలల వయసులో ఎంఆర్ఐ తీశారు. ఆటిజం వస్తుందని కంప్యూటర్ చెప్పిన ప్రతి 10 మందిలో సుమారు 8 మందికి రెండేళ్ల వయసులో నిర్ధారణ అయింది. అయితే వీళ్లంతా అప్పటికే ఆటిజం ఉన్న అన్నో అక్కో ఉన్న పిల్లలు. అలాంటి తమ్ముళ్లు, చెల్లెళ్లలో ఆటిజం వచ్చే అవకాశం దాదాపు 20 శాతం. మామూలు ఇళ్లలోని పిల్లలకు ఈ లెక్క వర్తించదు.

మెదడు తరంగాలు: ముఖం చూసిన సుమారు 170 మిల్లీసెకన్లకు మెదడులో ఒక తరంగం వస్తుంది. ఆటిజం ఉన్న చాలామందిలో అది కాస్త ఆలస్యమవుతుంది. ఈఈజీతో దీన్ని కొలుస్తున్నారు.

చిన్న లెక్క వేద్దాం

కంటిచూపును కొలిచే ఒక పరికరానికి 2022లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అది డాక్టరుకు సహాయపడేదే కానీ, డాక్టరు స్థానంలో వాడేది కాదు. ప్రత్యేక క్లినిక్‌లకు వచ్చిన 475 మంది పిల్లలపై దాన్ని పరీక్షించిన ఫలితాలు 2023లో వచ్చాయి. ఆటిజం ఉన్న 100 మందిలో 71 మందిని అది పట్టుకుంది, 29 మందిని వదిలేసింది. ఆటిజం లేని 100 మందిలో సుమారు 19 మందికి ఉందని చెప్పింది.

ఇప్పుడు 1000 మంది మామూలు పిల్లల్ని తీసుకుందాం. వాళ్లలో 10 మందికి ఆటిజం ఉందనుకుందాం. ఇదే పరికరం ఆ పదిలో 7 మందిని గుర్తిస్తుంది. మిగతా 990 మందిలో దాదాపు 190 మంది ఇళ్లలో అనవసరమైన భయం పెడుతుంది. మంచి పరికరమే అయినా, ప్రతి బిడ్డకూ చేయించే టెస్ట్‌గా ఎందుకు పనికిరాదో ఈ లెక్కే చెబుతుంది.

మరి ఈ రోజు మన చేతిలో ఏముంది?

మీరు ఇంట్లో రోజూ చూసేదే అన్నింటికంటే ముందు వచ్చే సమాచారం. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం ఎం-చాట్ అనే 20 ప్రశ్నల పత్రం ఉంది. అవును, కాదు అని టిక్ పెడితే చాలు. 18, 24 నెలల వయసులో పిల్లలందరికీ ఆటిజం స్క్రీనింగ్ చేయాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం సూచిస్తోంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే వీటిని గమనించండి:

• ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం
• ఏడాదిన్నర వచ్చినా కాకినో, విమానాన్నో వేలితో చూపించకపోవడం
• రెండేళ్లకు కూడా ‘అమ్మ రా’, ‘పాలు కావాలి’ లాంటి రెండు మాటలు కలపకపోవడం
• వచ్చిన మాటలు పోవడం (ఏ వయసులోనైనా)

వీటిలో ఏదైనా కనిపిస్తే ఆటిజం ఉన్నట్టే అని కాదు. కానీ ‘వాళ్ల నాన్న కూడా లేటుగానే మాట్లాడాడు’ అంటూ ఏడాది ఆగకండి. పిల్లల డాక్టరును కలవండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి. స్పీచ్ థెరపీ మొదలుపెట్టడానికి నిర్ధారణ పూర్తయ్యే వరకు ఆగాల్సిన పని లేదు. ప్రభుత్వం తరఫున జిల్లా స్థాయిలో డీఈఐసీ కేంద్రాలు, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉన్నాయి.

ఇంకో మాట. రక్తం, జుట్టు పరీక్షతో ఆటిజం ఉందో లేదో చెప్పేస్తామని ఎవరైనా ప్యాకేజీ చూపిస్తే, డబ్బు కట్టే ముందు మీ డాక్టరును అడగండి. కొందరు పిల్లలకు డాక్టరే జన్యు పరీక్ష రాయవచ్చు. అది కారణం వెతకడానికి మాత్రమే.

అనుమానం ఉంటే మీ క్లాస్ టీచర్‌తో కూడా చెప్పండి. పిలిస్తే పలుకుతున్నారా, తోటి పిల్లలతో కలుస్తున్నారా అని క్లాసులో మేమూ చూస్తాం. ఆ వివరాలు డాక్టరుకు ఉపయోగపడతాయి.