బటన్ సెల్లుతో చిన్న యంత్రములను నడుపుట

రాజాము బజారులో గడియారములు బాగుచేయువారి గాజుపెట్టెలో మెఱయు వెండివన్నె బిళ్ళలను మీరందఱును చూచియేయుందురు. మా పదవ తరగతి విద్యార్థులు కొందఱు అట్టి బిళ్ళ నొకదానిని తెచ్చి, గదిలో వేడిమి మితిమీరినపుడు కూతవేయు చిన్న యుపకరణమును కట్టిరి. అందలి మైక్రోకంట్రోలరు ఏటీటైనీ 85 అనునది. అది వేడిమిని చక్కగా కొలుచుచుండెను గాని, కూతవేయవలసిన క్షణముననే ఆగిపోయి మరల మొదటినుండి పని ప్రారంభించుచుండెను. బిళ్ళను విడిగా కొలిచి చూడగా మీటరు 3 వోల్టులు చూపెను. కావున దోషమంతయు చిప్పుదేయని వారు తీర్పు చెప్పిరి.

కూతగంటను బిళ్ళకే నేరుగా తగిలించి, అది మ్రోగుచుండగా కొలువుడని నేనంటిని. మీటరులోని యంకె 1.8 కడకు దిగెను. ఆ చిప్పునకు 2.7 వోల్టులైనను లేనిదే పని సాగదు.

కారణమేమి? మెడ సన్నని కూజాను తలచుకొనుడు. లోపల నీరెంత యున్నను ధార సన్నముగనే వచ్చును. బిళ్ళలోపల కూడ విద్యుత్తు నడ్డగించు నిరోధమొకటి కలదు. క్రొత్తదానిలో అది తక్కువ; వాడినకొలది పెరుగును. మేము వాడిన బిళ్ళ కొంత యరిగినది. దాని నిరోధము 30 ఓములనుకొందము. కూతగంట 40 మిల్లీయాంపియర్లు లాగినచో, 0.04 ను 30 చే గుణింపగా 1.2 వోల్టులు లోపలనే ఖర్చగును. మిగిలినది 1.8. కూతగంటను తీసివేసి, 3 మిల్లీయాంపియర్లతో మ్రోగు పీజో గంటను పెట్టగా ఉపకరణము బుద్ధిగా పనిచేసెను. చిప్పును దూషించిన బాలుడు కొంచెము సిగ్గుపడెను; నాకు మాత్రము ఆ నాటి పాఠము మిక్కిలి నచ్చినది.

ఈ బిళ్ళపేరు సీఆర్ 2032. సీ యన లిథియముతో చేసిన జాతి, ఆర్ యన గుండ్రనిది. 20 మిల్లీమీటర్ల వ్యాసము, 3.2 మిల్లీమీటర్ల మందము. అందు సుమారు 220 మిల్లీయాంపియరు గంటల విద్యుత్తుండును. చిప్పు ఎల్లప్పుడును 5 మిల్లీయాంపియర్లు త్రాగుచుండినచో 44 గంటలలో, అనగా రెండు దినములైనను నిండకమునుపే బిళ్ళ చచ్చును. అదే చిప్పును పది నిమిషముల కొక్క క్షణము మాత్రమే మేలుకొలిపి తక్కిన కాలమంతయు నిద్రింపజేసినచో, సగటున 0.013 మిల్లీయాంపియరు చాలును. లెక్క వేసి చూడుడు: 16,000 గంటలకు పైబడును! ఇంచుమించు రెండేండ్లు. ఇట్టి యంత్రమునకు ప్రోగ్రాము వ్రాయుటయనగా సగము పని దానిని నిద్రపుచ్చుటయే.

గడియారములలో వాడు చిన్న బొత్తాములు వేఱు. ఎల్ఆర్ 44 క్షారజాతి, 1.5 వోల్టులు, వాడుచుండగా వోల్టేజి క్రమముగా దిగజారును. ఎస్ఆర్ 44 వెండి ఆక్సైడుది, 1.55 వోల్టులు, తుదివఱకు ఇంచుమించు నిలకడగా నుండును. 1800 సంవత్సరమున వోల్టా పండితుడు లోకమునకు తెలిపిన మొదటి బ్యాటరీ కూడ వెండి, జింకు బిళ్ళల దొంతరయే యగుట తమాషా.

ఇక తలిదండ్రులకొక మాట. మా యుపకరణమును ఇంటికి గొనిపోయిన బాలునికి రెండేండ్ల చెల్లెలు కలదు. ఇది తెలిసిననాడు నాకు నిద్రపట్టలేదు. 20 మిల్లీమీటర్ల బిళ్ళ పసిపిల్లల యన్నవాహికలో చిక్కుకొనును. అచ్చటి తడితో విద్యుత్తు ప్రవహించి క్షారము పుట్టి, రెండు గంటలలోనే కండను తీవ్రముగా కాల్చును. యంత్రమును నడుపలేని పాతబిళ్ళకు సయితము ఆ శక్తి మిగిలియుండును. మ్రింగెనను అనుమానము కలిగినను వాంతి చేయింపక, వెంటనే ఆసుపత్రికి గొనిపోయి ఎక్సురే తీయింపవలయును. వాడిన బిళ్ళలకు ఇరుప్రక్కల టేపు చుట్టి, పిల్లల చేతికందనిచోట దాచుడు. మా యుపకరణపు పెట్టెమూతకు ఇప్పుడు రెండు మరమేకులు బిగించితిమి. స్క్రూడ్రైవరు నా బల్లసొరుగులో నున్నది.