పోలీసు కేసు వచ్చినప్పుడు వకీలు ఎందుకు?



ఇంట్లో ఒకరిపై పోలీసు కేసు నమోదైందంటే ముందుగా కలిగేది సిగ్గు, ఆ తరువాత భయం. అప్పుడు పలుకుబడి గల పెద్దమనిషి కోసం వెతుకుతాము, దళారి చేతిలో డబ్బు పెడతాము, విచారణ గురువు వద్దకు సిఫారసు ఉత్తరం కోసం వస్తాము. వకీలు మాత్రం చివరకు గుర్తుకు వస్తాడు. ఈ వరుస మారాలి.

"తప్పు చేసినవానికి వకీలు ఎందుకు?" అని అడిగేవారున్నారు. నిందితుడు వేరు, దోషి వేరు. నేరం రుజువయ్యేవరకు ఎవరూ దోషి కారు. నిజంగా తప్పు చేసినవానికి కూడా చట్టం కొలిచిన శిక్షే పడాలి గాని అంతకు మించి పడరాదు. అబద్ధం అల్లడం వకీలు పని కాదు. ఆ కొలత తప్పకుండా చూడడమే అతని పని.

అరెస్టు అయితే

రాజ్యాంగంలోని 22వ అధికరణం ప్రకారం అరెస్టుకు కారణం చెప్పాలి. తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కు ఉంది. ప్రయాణ సమయం మినహా 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం అరెస్టు సంగతి బంధువుకో స్నేహితునికో తెలియజేయాలి. పోలీసులు ప్రశ్నించే సమయంలో వకీలును కలవవచ్చు. చదవకుండా ఏ కాగితంపైనా సంతకం చేయరాదు. చదువు రానివారు చదివించుకొని వినాలి.

తాగి బండి నడిపిన కేసు

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉంటే నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారి 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్ళీ పట్టుబడితే 2 సంవత్సరాల వరకు జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కొంతకాలం బండి నడపరాదని కోర్టు ఆదేశించవచ్చు. లారీ, ఆటో నడిపి బ్రతికే కుటుంబానికి అది అన్నం పళ్ళెం మీద దెబ్బ.

"ఒప్పుకో, ఫైను కట్టు, అయిపోతుంది" అని దళారి చెబుతాడు. ఒప్పుకోవడమంటే దోషిగా నిర్ధారణ కావడమే. మరోసారి పట్టుబడితే అది లెక్కకు వస్తుంది. నిజం ఒప్పుకోవడం మంచిదే, కాని ఏమి ఒప్పుకుంటున్నామో వకీలును అడిగి తెలుసుకొని ఒప్పుకోవాలి. 185 కింద అరెస్టు చేస్తే రెండు గంటలలోగా వైద్య పరీక్ష జరిపించాలి, లేకుంటే విడుదల చేయాలని 202వ సెక్షను చెబుతున్నది. ఇది జరిగినదో లేదో చూసేది వకీలే.

ఫీజు ఇచ్చుకోలేనివారికి

విచారణ జరగకుండానే ఏళ్ళ తరబడి బీహారు జైళ్ళలో మగ్గిన పేదల కేసులో (హుస్సేనారా ఖాతూన్, 1979) ఉచిత న్యాయ సహాయం నిందితుని హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది. 1987లో చేసిన న్యాయసేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. స్త్రీలు, పిల్లలు, దివ్యాంగులు, ఎస్.సి., ఎస్.టి.లు, నిర్బంధంలో ఉన్నవారు తమ ఆదాయంతో నిమిత్తం లేకుండా దీనికి అర్హులు. క్రైస్తవులుగా నమోదైన దళితులకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్.సి. హోదా లేదు. అయినా నిరాశ పడనవసరం లేదు. ఆదాయం నిర్ణీత పరిమితికి లోపు ఉన్నవారికి, నిర్బంధంలో ఉన్నవారికి ఏ కులమైనా ఈ సహాయం లభిస్తుంది.

జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100 నంబరుకు ఫోను చేయండి. వారు నియమించిన వకీలుకు ఫీజు ఇవ్వనక్కరలేదు. జరిమానా పడితే మాత్రం మనమే కట్టుకోవాలి.

కుటుంబం చేయవలసినవి

1. ఏ స్టేషను, ఏ సెక్షను, కేసు నంబరు ఎంత అన్నది వ్రాసుకోండి.
2. నోటీసు, చలానా, ఎఫ్.ఐ.ఆర్. నకలు భద్రపరచండి.
3. కోర్టు వాయిదాకు తప్పక వెళ్ళండి. వెళ్ళకపోతే వారంటు వస్తుంది.
4. వకీలుకు దాచకుండా నిజం చెప్పండి.

గురువుల ఉత్తరం మంచి నడవడికి సాక్ష్యం కావచ్చు గాని వకీలుకు బదులు కాదు. ఇక తాగి బండి ఎక్కినవాడు ఎదురుగా వచ్చేవాని ప్రాణంతో చెలగాటమాడుతున్నాడు. ఆ ప్రాణం పోతే ఏ వకీలూ తిరిగి తేలేడు. ఆ సంగతిని ఇంట్లో పెద్దలు పిల్లలతో ఈ వారమే మాట్లాడాలి.