ఎర్రరాయి నుంచి ఉత్ప్రేరకం దాకా



అనంతగిరి నుంచి అరకు వెళ్లే దారిలో గాలికొండ మీకు తెలిసిందే. ఆ కొండ నెత్తిన ఉన్న ఎర్రరాయి బాక్సైట్. దాన్ని పొడిచేసి కాస్టిక్ సోడాలో ఉడికిస్తే ఇనుము ఎర్రబురదగా మిగులుతుంది, అల్యూమినియం కరుగుతుంది. కరిగినదాన్ని హైడ్రాక్సైడుగా వేరుచేసి కాలిస్తే తెల్లటి అల్యూమినా వస్తుంది. ఇదే కొండల వరసలో, ఒడిశాలోని దామన్‌జోడిలో నాల్కో 1980ల నుంచి ఈ పని చేస్తోంది. మన వైపు మాత్రం గని అనగానే గుర్తొచ్చేది సమత తీర్పు. షెడ్యూల్డు ప్రాంతపు భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని 1997 జులై 11న సుప్రీంకోర్టు చెప్పింది. కొండ ఎవరిదో మన పెద్దలు కోర్టు దాకా వెళ్లి తేల్చుకున్నారు. ఆ రాయిలో ఏముందో చెప్పగలిగేవాళ్లు కూడా మన హాస్టళ్ల నుంచే రావాలని మా కోరిక.

ఉత్ప్రేరకాలకు వాడేది గామా అల్యూమినా. దాని నిండా కంటికి కనబడని రంధ్రాలు. ఒక్క గ్రాములో సుమారు 200 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. మన లెక్కలో అయిదు సెంట్లు. చిటికెడు పొడిలో ఇంటి స్థలం! డీజిల్‌లోంచి గంధకాన్ని తీయడానికి రిఫైనరీల్లో వాడే ఉత్ప్రేరకం ఇలాంటి అల్యూమినా మీద మాలిబ్డినం, కోబాల్టు ఎక్కించినదే.

ఎక్కించడం ఎలా? మామూలు పద్ధతిలో అమ్మోనియం మాలిబ్డేటు ద్రావణంలో అల్యూమినాను నానబెట్టి, ఆరబెట్టి, 500 డిగ్రీల దగ్గర కాలుస్తారు. పరిశ్రమలో నడిచేది ఇదే. కానీ ఇందులో మాలిబ్డినం +6 స్థితిలో ఉండి ఆక్సైడును గట్టిగా పట్టుకుంటుంది. హైడ్రోజన్ పంపినా సున్నా స్థితికి అంత సులభంగా దిగిరాదు. మొదటినుంచీ సున్నాలోనే ఉన్న లోహం కావాలంటే కార్బొనైల్ దగ్గరికి వెళ్లాలి.

లోహ పరమాణువు చుట్టూ కార్బన్ మోనాక్సైడు అణువులు చేరితే లోహ కార్బొనైల్. 1890లో లుడ్విగ్ మాండ్ బృందం మొదట కనిపెట్టినది నికెల్ కార్బొనైల్. 43 డిగ్రీలకే మరిగే ద్రవం, మహా విషం. చలికాలం తలుపులు మూసి కుంపటి పెట్టుకున్న ఇళ్లలో ప్రాణాలు తీసే వాయువు కూడా ఈ కార్బన్ మోనాక్సైడే. అందుకే ఈ ప్రయోగాలు గాలిని లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి.

మాలిబ్డినం హెక్సాకార్బొనైల్ తెల్లటి స్ఫటికం. ట్రంకుపెట్టెలో వేసే కలరా ఉండల్లాగా కరగకుండానే ఆవిరవుతుంది. ఆ ఆవిరి అల్యూమినా రంధ్రాల్లోకి వెళ్లి ఉపరితలానికి అంటుకుంటుంది. దీన్నే అధిశోషణం అంటారు. ఈ మాట ఇంటర్‌లో తెలుగు మీడియంలో చదివి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే మేము. పీజీ తరగతిలో ‘అడ్సార్ప్షన్’ అని వినబడితే వారం రోజులు కొత్త పాఠమనుకుని బిక్కచచ్చిపోయాం. ఇంట్లో అడుగుదామంటే డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే.

1970ల్లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో బర్వెల్, బ్రెనర్ ఈ జంటను శ్రద్ధగా పరీక్షించారు. సుమారు 100 డిగ్రీల దగ్గర ఆరు కార్బన్ మోనాక్సైడుల్లో మూడు వెళ్లిపోతాయి. ఖాళీ అయిన చోట్లలో లోహం అల్యూమినా ఆక్సిజన్లను పట్టుకుంటుంది. ఇంకా వేడిచేస్తే మిగిలిన మూడూ పోతాయి. తర్వాత ఏమవుతుందన్నది అల్యూమినా ఎంత పొడిగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ముందే బాగా కాల్చి ఉపరితలం మీది హైడ్రాక్సిల్ గుంపులను తొలగిస్తే మాలిబ్డినం సున్నా స్థితిలో నిలుస్తుంది. ఆ గుంపులు మిగిలి ఉంటే వాటితో చర్య జరిపి తాను ఆక్సీకరణం చెందుతుంది, హైడ్రోజన్ వాయువు బయటికి వస్తుంది. ఎంత హైడ్రోజన్ వచ్చిందో కొలిస్తే లోహం ఏ స్థితికి చేరిందో లెక్క కట్టవచ్చు. ఈ సంగతి చదివినప్పుడు మాకు భలే సంతోషమేసింది.

పొడిదనం సంగతి మాకు మరోలా తెలిసింది. వానాకాలం సాయంత్రం తూచిన అల్యూమినాను మూత పెట్టకుండా బల్ల మీద వదిలేసి వచ్చాం. తెల్లారి చూస్తే బరువు పెరిగింది. త్రాసు చెడిందని గొడవపడ్డాం కూడా. చెడింది మా పొడి. విశాఖ గాలిలోని తేమంతా తాగేసింది. మళ్లీ మొదటినుంచి కాల్చుకున్నాం.

ఇంటర్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక లెక్క. మాలిబ్డినం పరమాణు భారం 96, కార్బన్ మోనాక్సైడు అణుభారం 28. ఈ హెక్సాకార్బొనైల్ 2.64 గ్రాములు తీసుకుని, సగం కార్బన్ మోనాక్సైడు పోయేదాకా వేడిచేస్తే ఎస్.టి.పి. వద్ద ఎంత వాయువు వస్తుంది? జవాబు 672 మిల్లీలీటర్లు. 224 వస్తే మూడుతో గుణించడం మరిచారన్నమాట.