చలి కాపాడిన పాప

అమెరికాలో మిన్నెసోటా అనే రాష్ట్రం ఉంది. అక్కడ అయిదేళ్ల పాప ఒకతె ఉండేది. పాప గుండె లోపలి గోడకు పుట్టుకతోనే చిల్లు ఉంది. చిల్లు కుట్టాలంటే గుండెను తెరవాలి. తెరిచేముందు గుండెకు వచ్చే రక్తం ఆపాలి. రక్తం అందకపోతే మెదడు నాలుగు నిమిషాలకు మించి తట్టుకోదు. అంతలో కుట్టడం అయ్యే పనేనా?

అప్పటికే కెనడాలో డాక్టరు బిగెలో ఒక సంగతి కనిపెట్టారు. ఒళ్లు చల్లబడితే మెదడుకు ప్రాణవాయువు తక్కువే సరిపోతుంది. వత్తి తగ్గిస్తే దీపానికి నూనె తక్కువ పట్టదూ? అలాగన్నమాట.

1952 సెప్టెంబరు 2న డాక్టరు జాన్ లూయిస్ పాపకు ఆపరేషన్ చేశారు. ముందు మత్తు ఇచ్చారు. చల్లని గొట్టాలున్న దుప్పట్లు ఒంటికి చుట్టారు. థర్మామీటరులో 98 డిగ్రీలు ఉండే ఒంటి వేడి 82 డిగ్రీలకు దిగింది. దీనికే రెండు గంటలు దాటింది. అప్పుడు రక్తం ఆపి, గుండె తెరిచి, చిల్లు కుట్టేశారు. పట్టింది అయిదున్నర నిమిషాలే!

మరి పాపను వెచ్చబరచడం ఎలా? పశువులు నీళ్లు తాగే తొట్టి ఒకటి తెచ్చారు. వేడినీళ్లు పోసి పాపను అందులో పడుకోబెట్టారు. పాప బతికింది. కోలుకుని ఇంటికి వెళ్లింది.

ఇప్పుడు గుండె ఆపరేషన్లకు యంత్రం ఉంది. అదే రక్తాన్ని చల్లబరుస్తుంది, మళ్లీ వెచ్చబరుస్తుంది. అయితే మామూలు ఆపరేషన్లలో చలి మంచిది కాదు. ఒళ్లు చల్లబడితే రక్తం త్వరగా గడ్డకట్టదు. గాయం చీము పట్టవచ్చు. కాన్పు ఆపరేషన్ అయిన తల్లికి వణుకు పుడితే నర్సమ్మకు వెంటనే చెప్పాలి. నర్సమ్మ ఒంటి వేడి చూసి, దుప్పటి కప్పుతుంది.