కంటికందని కడలి కెరటాలు

అల అనగానే మనకు గుర్తుకొచ్చేది ఒడ్డున విరిగిపడి, నురగలు కక్కి వెనక్కి పోయే అల. అది గాలికి పుట్టిన అల. కాని వందల, వేల కిలోమీటర్ల పొడవుండి, ఎత్తు మాత్రం జానెడైనా లేని అలలు కూడా సముద్రంలో వున్నాయి. అటువంటి అల మీదుగా ఓడ పోతున్నా నావికుడికి ఆ సంగతే తెలియదు. వీటిని చూడాలంటే సముద్రానికి దగ్గరగా కాదు, బాగా దూరంగా పోవాలి.

కొలిచే విధానం

1992 ఆగస్టు 10న అమెరికా, ఫ్రాన్సు దేశాలు కలిసి ‘టోపెక్స్/పోసిడాన్’ అనే ఉపగ్రహాన్ని ప్రయోగించాయి. అది 1336 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ రాడార్ తరంగాలను నిట్టనిలువుగా కిందికి పంపేది. అవి నీటిని తాకి తిరిగి వచ్చే కాలాన్ని బట్టి దూరం కట్టేవారు. లెక్క మనం ఇంటర్మీడియట్‌లో చేసిందే: వేగాన్ని కాలంతో హెచ్చవేసి, రెండుతో భాగించడం. రానూపోనూ పట్టే కాలం సెకనులో వెయ్యోవంతులు తొమ్మిది మాత్రమే. అందులో 3 సెంటీమీటర్ల తేడా పట్టుకోవాలంటే సెకనును 500 కోట్ల భాగాలు చేసి, ఒక్క భాగాన్ని గుర్తించాలి! అందుకని సెకనుకు వేల స్పందనాలు పంపి సగటు తీస్తారు. గాలిలో తేమ వల్ల కలిగే ఆలస్యాన్ని, ఆటుపోట్లను లెక్కలోంచి తీసివేస్తారు. సుమారు 10 రోజులకొకసారి అదే దారిన మళ్ళీ కొలుస్తారు.

ఆ తర్వాత 2001, 2008, 2016 సంవత్సరాల్లో జేసన్ ఉపగ్రహాలు, 2020 నవంబరులో సెంటినెల్-6 వెళ్ళాయి. మన దేశం ఫ్రాన్సుతో కలిసి తయారుచేసిన ‘సరళ్’ 2013 ఫిబ్రవరి 25న మన శ్రీహరికోట నుంచే ఎగిరింది.

గట్లు లేని కాలువ

పసిఫిక్ మహాసముద్రంలో వ్యాపార పవనాలు మామూలుగా తూర్పు నుంచి పడమరకు వీస్తూ, వెచ్చని నీటిని ఇండోనేషియా వైపు పోగుచేస్తాయి. పడమర కొసన గాలి కొద్దిరోజులు ఎదురు తిరిగిందంటే, ఆ నీరు అలగా లేచి తూర్పుకు బయలుదేరుతుంది. దీన్నే కెల్విన్ తరంగం అంటారు.

అది భూమధ్యరేఖనే పట్టుకుని ఎందుకు పోతుంది? భూభ్రమణం వల్ల కదిలే నీరు ఉత్తరార్ధగోళంలో కుడికి, దక్షిణార్ధగోళంలో ఎడమకు మళ్ళుతుంది. తూర్పుకు పోయే నీటికి రెండు వైపులా ఆ మళ్ళింపు భూమధ్యరేఖ దిక్కే! పంటకాలువకు గట్లున్నట్టు, ఈ అలకు భూభ్రమణమే గట్లు కడుతుంది. పడమరకు పోయే నీటిని అదే బలం రేఖ నుంచి దూరంగా తోస్తుంది. కనుక ఈ తరంగం తూర్పుకే పోగలదు.

దీని వేగం సెకనుకు సుమారు రెండున్నర మీటర్లు, అంటే రోజుకు 200 కిలోమీటర్ల పైచిలుకు. మహాసముద్రం దాటడానికి రెండు నెలలకు పైగా పడుతుంది. పైన కనిపించేది కొద్ది సెంటీమీటర్లే గాని, అసలు కథ లోపల వుంది. పైపొర వెచ్చని నీరు అడుగునున్న చల్లని నీటికన్నా సుమారు అర శాతం తేలిక. కాబట్టి పైన 10 సెంటీమీటర్లు లేవడమంటే, లోపల వెచ్చని పొర 20 మీటర్లు లోతుకు దిగడం అన్నమాట.

పడమరకు పోయే తరంగాలు వేరే వున్నాయి. భూభ్రమణ ప్రభావం అక్షాంశంతోబాటు మారడం వల్ల పుట్టే వీటికి రాస్‌బీ తరంగాలని పేరు. రాస్‌బీ 1939లో గాలి విషయంలో వీటి సిద్ధాంతం చెప్పాడు. సముద్రంలో ఇవి నత్తనడక నడుస్తాయి. భూమధ్యరేఖకు దూరంగా పసిఫిక్‌ను దాటడానికి ఏళ్ళే పడుతుంది. 1996లో చెల్టన్, ష్లాక్స్ అనే శాస్త్రజ్ఞులు ఉపగ్రహపు కొలతల్లో వీటిని గుర్తించి, అవి పాత సిద్ధాంతం చెప్పినదానికన్నా వేగంగా పోతున్నాయని చూపారు. దాంతో సిద్ధాంతాన్నే సరిదిద్దవలసి వచ్చింది.

మన పొలానికేం సంబంధం?

మాది సేద్యపు కుటుంబం. ఎల్‌నినో అన్న మాట వార్తల్లో వినపడితే చాలు, మా నాన్న “ఏరా, చదువుకుంటున్నావు గదా, ఈ ఏడు వానలుంటాయా?” అని అడుగుతాడు. విత్తనాలకు అప్పు చెయ్యాలా వద్దా అన్నది ఆ జవాబు మీద వుంటుంది.

కెల్విన్ తరంగాలు వరసగా తూర్పుకు చేరి అక్కడి సముద్రాన్ని వేడెక్కిస్తే ఎల్‌నినో బలపడుతుంది. అప్పుడు మన నైరుతి రుతుపవనాలు బలహీనపడే అవకాశం ఎక్కువ. ఐతే అవకాశం వేరు, తీర్పు వేరు. 1997లో ఎల్‌నినో మహా బలంగా వచ్చినా దేశంలో వాన సగటుకు తగ్గలేదు. ఆ ఏడు హిందూ మహాసముద్రం కూడా మనకు కలిసివచ్చిందని అంటారు. 2002లో అంతకన్నా బలహీనమైన ఎల్‌నినోకే జూలై వాన దాదాపు సగమై, కరువొచ్చింది.

మన తీరానికీ ఈ అలలు వస్తాయి. హిందూ మహాసముద్రంలో భూమధ్యరేఖ వెంట వచ్చిన కెల్విన్ తరంగం సుమత్రాను తాకి చీలుతుంది. ఉత్తరపు పాయ తీరాన్ని కుడిచేతి వైపు వుంచుకుని బంగాళాఖాతం చుట్టూ తిరిగి విశాఖ, కాకినాడల మీదుగా దక్షిణానికి పోతుంది. అది మన ఒడ్డున వెచ్చని పొర మందాన్ని మారుస్తుంది. తుఫానుకు బలాన్నిచ్చేది ఆ వేడే గదా!

కనుక మా నాన్నకు నేనిచ్చే జవాబు ఇంతే: ఒక్క అలను చూసి విత్తనాలు మానుకోవద్దు; ఉన్నదంతా ఒక్క పైరు మీదే పెట్టనూ వద్దు. ఇక మిత్రులకు ఒక మాట. ఈ ఉపగ్రహాల కొలతలు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. 1997 సంవత్సరపు అంకెలు తీసుకుని, గ్రాఫు కాగితం మీద రేఖాంశం ఒక వైపు, రోజులు ఒక వైపు గుర్తించి చూడండి. ఏ నావికుడికీ కనపడని అల, మీ కాగితం మీద వాలుగీతగా నడిచిపోతుంది.