కారణాన్వేషణము

జ్వరము రోగమునకు గుర్తు మాత్రమే. అందుచేతనే మంచి వైద్యుడు నాడి చూచి, నాలుగు ప్రశ్నలడిగి, ఆ పిమ్మటనే మందిచ్చును. యంత్రములను బాగుచేయుటకును ఇదియే మార్గము.

జనగామ ప్రాంతమున నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న పాఠశాలలో ఒకే కంప్యూటరు ఉండెను. పదవ తరగతి పరీక్షకు వెళ్లు బాలబాలికల పేర్లు, పుట్టిన తేదీలు అందులో నెక్కించుచుంటిమి. గడువు రెండు దినములే మిగిలెను. అట్టి తరుణమున ఆ యంత్రము ఉన్నట్టుండి తనంతట తాను ఆగి, మరల మొదలగుచుండెను. అప్పటికి భద్రపరుపని వ్రాతయంతయు పోవుచుండెను. ఒకరు వైరస్ అనిరి. వేరొకరు కరెంటు హెచ్చుతగ్గులనిరి. క్రొత్తది కొనుటయే మేలని నేను విసుగుకొంటిని.

ఎనిమిదవ తరగతి బాలిక యొకతె మాత్రము ఒక చీటిమీద వేళలు వ్రాసికొనుచుండెను.

"అయ్యా! ఉదయము అరగంట నడిచినది. ఆ తరువాత పది నిమిషములకే ఆగినది. భోజన విరామమున విశ్రాంతి నిచ్చిన పిమ్మట తిరిగి అరగంట నడిచినది" అని ఆమె చీటి చూపెను.

మరియొక గదిలోని ప్లగ్గునకు తగిలించి చూచితిమి, తీరు మారలేదు. విశ్రాంతితో కుదుటపడుచున్నదనగా వేడియే కారణము కావచ్చునని తోచినది. ప్లగ్గు తీసివేసి మూత విప్పితిమి. ప్రాసెసరుపై నున్న ఫ్యాను క్రింద, లోహపు రేకుల నడుమ, ధూళి దూదివలె పేరుకొని యుండెను. వేడి హద్దు మీరినచో ప్రాసెసరు కాలిపోకుండ యంత్రము ఆగిపోవు ఏర్పాటు కలదు. ఫ్యాను తిరుగకుండ పట్టుకొని మెత్తని కుంచెతో తుడిచితిమి. ఆ సాయంకాలము వరకు యంత్రము ఆగలేదు. ఒక్క పేరును తప్పిపోకుండ పట్టిక గడువులోపల చేరినది.

అన్నివేళల ధూళియే కారణము కాదు. భూపాలపల్లి చెంత చెల్పూరున పుట్టిన కరెంటైనను మన యిండ్లకు 230 వోల్టులుగ వచ్చును. కంప్యూటరులోని ఎస్.ఎం.పి.ఎస్. పెట్టె దానిని 12, 5, 3.3 వోల్టులకు తగ్గించును. ఆ పెట్టె బలహీనపడినను, ర్యామ్ పలక వదులైనను ఇట్లే జరుగును. విండోస్ నందు లోపము కలిగినపుడు తానే మరల మొదలగు అమరిక యొకటి కలదు. దానిని తీసివేసినచో లోపమును తెలుపు సందేశము తెరపై నిలుచును. ఒక మారు ఒక్క మార్పే చేయవలెను. రెండు చేసినచో ఏది ఫలించినదో తెలియదు. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మాత్రము మీరు విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదపను అందులో విద్యుత్తు నిలిచి యుండును.

విద్యార్థులారా! ఆనాడు నేను తొందరపడి తీర్పు చెప్పితిని; ఆ బాలిక ఓర్పుతో చూచి వ్రాసికొన్నది. యంత్రమును బాగుచేసినది ఆ చీటియే.